174, 28, 14

మా మేడ మీది పోర్షన్ మూడు నెలల నుంచి ఖాళీ. గేటుకి టూలెట్ బోర్డు కట్టిన దగ్గర్నుంచి పది పన్నెండు మంది వచ్చి చూసి వెళ్ళారు. నీళ్ళు చాలవని కొందరు, బైక్ పెట్టుకోడానికి చోటు లేదని కొందరు. పోయిన ఆదివారం ఒక అమ్మాయి వచ్చింది. గుమ్మ అనే ఊరి వైపు కొండల్లోని సవర గిరిజన పిల్ల. ఇక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు. తమ్ముణ్ణి కాలేజీలో చేర్పించిందట, ఇద్దరే ఉంటారట. చెప్పులు మెట్ల కిందే విప్పి పైకి ఎక్కింది. ముందు వంటగదిలో కుళాయి తిప్పి చూసింది. తర్వాత కిటికీ రెక్కలు మూసి గడియ పడుతుందో లేదో చూసింది. ఊళ్ళో చాలా ఇళ్ళు తిరిగిన మనిషి అని అప్పుడే అర్థమైంది నాకు. అద్దె ఎంత అని అడగలేదు. "మమ్మల్ని ఉండనిస్తారా మాఉసీ?" అని అడిగింది.

మాఉసీ అంటే ఒడియాలో పిన్ని. మా పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, బజార్లో రెండూ కలిపి మాట్లాడతాం. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా ఊరు ఇటు పడింది, మా అమ్మ పుట్టిల్లు అటు ఉండిపోయింది. అందుకే ఇక్కడ ఎవరు ఊరివాళ్ళు, ఎవరు బయటివాళ్ళు అనే మాట నాకు చిన్నప్పటి నుంచీ తేలలేదు.

"ఉండండమ్మా, అద్దె నాలుగున్నర వేలు" అన్నాను. రెండు వేలు అడ్వాన్స్ చేతిలో పెట్టి వెళ్ళింది.

సాయంత్రం ఎదురింటి బాబాయి వచ్చారు. ఆయన గురించి ముందే చెప్పాలి, చాలా మంచి మనిషి. మా వారికి ఆపరేషన్ అయినప్పుడు మూడు రాత్రులు ఆసుపత్రి వరండాలో పడుకున్నారు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, మెల్లగా మొదలుపెట్టారు.

"ఏటమ్మా, మేడ మీది సవర్లకి ఇచ్చీసినావంట?"

"అవును బాబాయ్."

"నాకేటి లేదమ్మా. నాకేటి అభ్యంతరం ఉంటాది? వీధిలో వాళ్ళే ఏటేటో అనుకుంటన్నారు. రేపు నువ్వు ఇల్లు అమ్ముకోవాలన్నా రేటు రాదు. అదీ నా బాధ."

ఆ మాట వినగానే నాకు ఒళ్ళు జలదరించింది. సరిగ్గా ఆ మాటే ఎక్కడ చదివానో గుర్తొచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా అమ్మాయికి ఉద్యోగం కాలిఫోర్నియాలో, సౌత్ శాన్‌ఫ్రాన్సిస్కో అనే ఊళ్ళో. పురిటికని 2022 సెప్టెంబరులో వెళ్ళి ఐదు నెలలు ఉన్నాను. ఆ ఊరికి ఒక కొండ ఉంది. కొండ మీద ఊరి పేరు పెద్ద పెద్ద తెల్ల అక్షరాలతో రాసి ఉంటుంది. పసిబిడ్డని భుజాన వేసుకుని కిటికీ దగ్గర తిరుగుతూ రోజూ ఆ అక్షరాలే చూసేదాన్ని. వీధిలో సగం మంది చైనా వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు. పక్కింటి చైనా ముసలావిడకి ఇంగ్లీషు రాదు, నాకూ అంతంత మాత్రమే. ఆవిడ గోడ మీంచి నిమ్మకాయలు ఇచ్చేది, నేను సున్నుండలు ఇచ్చేదాన్ని. ఈ ఊళ్ళో అందరూ ఎంత బాగా కలిసిపోయి ఉన్నారో అనుకునేదాన్ని. ఊరి గురించి చదవడం మొదలుపెట్టాక తెలిసింది, ఇదే ఊళ్ళో 1952లో ఏం జరిగిందో.

సింగ్ షెంగ్ అనే ఆయన చైనాలో కమ్యూనిస్టులకి వ్యతిరేకంగా పోరాడిన ప్రభుత్వ సైన్యంలో ఆఫీసరుగా చేసినవాడు. అమెరికా వచ్చి చదువుకుని విమాన కంపెనీలో మెకానిక్‌గా చేరాడు. భార్య, ఒక చిన్న కొడుకు. ఈ ఊళ్ళో సౌత్‌వుడ్ అనే పేటలో ఇల్లు కొనుక్కున్నాడు. ఇరుగుపొరుగు వాళ్ళు వద్దన్నారు. అక్కడంతా తెల్లవాళ్ళ ఇళ్ళు, చైనా వాళ్ళు వస్తే మా ఇళ్ళ ధరలు పడిపోతాయి అన్నారు. చట్టం చూస్తే ఆయనకి భయపడాల్సిన పని లేదు. తెల్లవాళ్ళకి తప్ప ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లో రాసుకునే షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని 1948లోనే వాళ్ళ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కానీ షెంగ్ కోర్టుకి వెళ్ళలేదు. ఓటు పెడదాం అన్నాడు. ఇప్పుడు ప్రపంచంలో జరుగుతున్న పోరాటం కమ్యూనిజానికీ ప్రజాస్వామ్యానికీ మధ్య, నాకు ప్రజాస్వామ్యం మీద నమ్మకం ఉంది, మీరంతా ఓటెయ్యండి, వద్దంటే వెళ్ళిపోతాను అని ఉత్తరం రాశాడు.

ఓట్లు లెక్కపెట్టారు. వద్దన్నవాళ్ళు 174. రమ్మన్నవాళ్ళు 28. ఏదైనా సరే అన్నవాళ్ళు 14.

షెంగ్ కుటుంబం ఆ ఇల్లు వదులుకుంది. మీ ఆస్తుల విలువ రోజురోజుకీ పెరగాలని కోరుకుంటున్నాను అని మాత్రం వాళ్ళతో అన్నాడట. నేను ఆ వాక్యం దగ్గర ఆగిపోయి ఫోన్ పక్కన పెట్టేశాను. మనవరాలు ఒళ్ళో నిద్రపోతోంది. కిటికీలోంచి అవే తెల్ల అక్షరాలు.

ఆ 174 మంది రాక్షసులేం కాదు. వాళ్ళలోనూ మా బాబాయిలాంటి వాళ్ళు ఉండి ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధం గెలిచి వచ్చినవాళ్ళు, ప్రభుత్వం ఇచ్చిన లోన్లతో మొదటిసారి సొంత ఇల్లు కొనుక్కున్నవాళ్ళు, పెరట్లో గులాబీలు పెంచుకునేవాళ్ళు. అంత గెలిచిన దేశానికి అంత భయం ఎందుకు పట్టుకుందా అని నేను చాలా ఆలోచించాను. 1949లో చైనా కమ్యూనిస్టుల చేతికి వెళ్ళింది. 1950 చివర్లో కొరియాలో చైనా సైన్యమే అమెరికా సైనికుల మీదికి దిగింది. అంతకు ముందే, 1947లో, అధ్యక్షుడు ట్రూమన్ ప్రభుత్వ ఉద్యోగుల విధేయత పరీక్షించాలని ఉత్తర్వు ఇచ్చాడు. 1950 ఫిబ్రవరిలో మెకార్తీ అనే సెనెటర్ ఒక సభలో కాగితం ఊపుతూ, విదేశాంగ శాఖలో ఉన్న 205 మంది కమ్యూనిస్టుల జాబితా నా చేతిలో ఉంది అన్నాడు. ఆ అంకె తర్వాత మారిపోయింది, జాబితా రుజువు కాలేదు, 1954 డిసెంబరులో సెనేట్ ఆయన్ని 67–22 ఓట్లతో అభిశంసించింది. ఆ నాలుగేళ్ళలో ఎందరి ఉద్యోగాలు పోయాయో, ఎందరు పక్కవాడితో మాట్లాడ్డానికే జంకారో. కమ్యూనిస్టుల మీద పోరాడి వచ్చిన షెంగ్‌ని కూడా ఆ భయం వదల్లేదు. మొహం చైనా మొహం కదా.

జపాన్ వాళ్ళ సంగతి ఇంకా ఘోరం. అమ్మాయి వాళ్ళ ఇంటి పక్క ఊరు శాన్‌బ్రూనో. అక్కడ టాన్‌ఫోరాన్ అని ఒక మాల్, దాని పక్కనే రైల్వే స్టేషన్. పాపకి స్వెటర్లు కొందామని తీసుకెళ్ళింది. స్టేషన్ బయట ఇద్దరు చిన్నపిల్లల కంచు విగ్రహం ఉంది. నేను వెళ్ళడానికి కొద్ది రోజుల ముందే, 2022 ఆగస్టులో పెట్టారు. ఇద్దరూ కోట్లు వేసుకుని బుద్ధిగా నిలబడి ఉన్నారు. కోట్లకి సామానుకి కట్టినట్టు చీటీలు కట్టి ఉన్నాయి. పిల్లలకి చీటీలెందుకు అని అడిగాను. ఆ మాల్ ఉన్నచోట ఒకప్పుడు గుర్రప్పందేల మైదానం ఉండేదట. జపాన్‌తో యుద్ధం వచ్చిందని 1942లో దాదాపు 8,000 మంది జపనీస్ అమెరికన్లని తెచ్చి అక్కడే ఉంచారట, చాలామందిని గుర్రాల కొట్టాల్లోనే. దేశం మొత్తం మీద అలా దాదాపు 1,20,000 మందిని ఇళ్ళు ఖాళీ చేయించి క్యాంపుల్లో పెట్టారు. మూడింట రెండు వంతుల మంది అక్కడే పుట్టిన పౌరులు. యుద్ధం చివరికి వచ్చాక వదిలిపెట్టారు. వెనక్కి వస్తే ఊళ్ళు రానివ్వలేదు. ఆరెగాన్ రాష్ట్రంలో హుడ్‌రివర్ అనే ఊళ్ళో, సైన్యంలో పనిచేస్తున్నవాళ్ళ పేర్ల బోర్డు మీంచి 16 మంది జపనీస్ అమెరికన్ కుర్రాళ్ళ పేర్లు చెరిపేశారు. పిల్లలు యుద్ధంలో ఉండగానే చెరిపేశారు.

డేనియల్ ఇనోవే అనే ఆయన 1945 ఏప్రిల్‌లో ఇటలీలో అమెరికా తరఫున పోరాడుతూ కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. యూనిఫాం మీద పతకాలు, చెయ్యి ఉండాల్సిన చోట ఇనప కొక్కెం. హవాయిలో ఇంటికి వెళ్తూ శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర క్షవరం చేయించుకుందామని ఒక షాపుకి వెళ్ళాడు. జపాన్ వాళ్ళకి ఇక్కడ చెయ్యం అని బయటికి పంపేశారు. ఆయన తర్వాత సెనెటర్ అయ్యాడు, 1963 నుంచి 2012లో చనిపోయేదాకా ఉన్నాడు. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, అప్పటికి బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇవ్వాలని చట్టం చేసింది. 46 ఏళ్ళ తర్వాత.

మనవాళ్ళ సంగతి కూడా ఒక ముక్క చెప్తాను. 1923లో వాళ్ళ సుప్రీంకోర్టు కాదన్న దగ్గర్నుంచి 1946 జులైలో చేసిన చట్టం దాకా, ఇక్కణ్ణుంచి వెళ్ళిన భారతీయులు అమెరికా పౌరసత్వం తీసుకునే వీలే లేదు. ఆ చట్టం కూడా ఏడాదికి 100 మంది భారతీయులకే దారి ఇచ్చింది. 100 మంది! ఇవాళ మా చిన్న ఊళ్ళో ఒక్క వీధి నుంచే ఎంతమంది వెళ్ళారో లెక్కపెడితే రెండు చేతుల వేళ్ళు చాలవు. బాబాయి మనవడు కూడా టెక్సాస్‌లోనే ఉన్నాడు. కొత్తలో వాడికి అద్దె ఇల్లు దొరక్కపోతే బాబాయి ఎంత టెన్షన్ పడ్డారో నేను కళ్ళారా చూశాను.

ఇదంతా ఎక్కడో పుస్తకంలో కథలా నేను చదవలేకపోవడానికి కారణం ఉంది. 1989లో పెళ్ళైన కొత్తలో మా వారికి ఒడిశా కోస్తాలో ఒక పెద్ద ఊరికి ట్రాన్స్‌ఫర్ అయింది. నేను అప్పటికి ఆరో నెల గర్భంతో ఉన్నాను. రిక్షాలో తిరిగి తిరిగి తొమ్మిది ఇళ్ళు చూశాం. ఒడియా బాగా మాట్లాడతాం కాబట్టి గేటు దగ్గర నవ్వుతూ రమ్మనేవాళ్ళు. ఇంటిపేరు అడిగేవాళ్ళు. చెప్పగానే లోపల్నుంచి ఎవరో "తెలెంగా" అనేవాళ్ళు, మెల్లగానే అనేవాళ్ళు. ఆ తర్వాత ఇల్లు ఖాళీ లేదని ఒకరు, తమ్ముడు వస్తున్నాడని ఒకరు. ఒకాయన మాత్రం మొహమాటపడుతూ, మాకేమీ లేదు బాబూ, పక్కవాళ్ళు ఒప్పుకోరు అన్నాడు. ఎవరూ తిట్టలేదు. ఒకావిడ మజ్జిగ కూడా ఇచ్చింది. ఇంటికి మాత్రం కాదన్నారు.

పదో ఇల్లు ఒక ముసలావిడది. భర్త లేడు, కొడుకు, కోడలు వేరే ఊళ్ళో. ఇంటిపేరు అడగలేదు. "మీ తెలుగువాళ్ళు రోజూ గుమ్మం ముందు ముగ్గు వేస్తారట కదా, మా గుమ్మం ముందు కూడా వేస్తావా, నాకు నడుం వంగట్లేదు" అంది. రెండేళ్ళు వేశాను. మార్గశిరం గురువారాల్లో ఆవిడ నాకు బియ్యప్పిండి నీళ్ళలో వేళ్ళు ముంచి ఝోటి వెయ్యడం నేర్పింది. ధాన్యం కంకులు, లక్ష్మి పాదాలు, గుమ్మంలోంచి గాదె దాకా. మడమ దగ్గర పిడికిలి అద్ది, వేళ్ళకి అయిదు చుక్కలు పెట్టాలి. ఇప్పటికీ మా ఇంట్లో గురువారం అదే వేస్తాను.

మళ్ళీ ట్రాన్స్‌ఫర్ వచ్చి సామాను కడుతున్న రోజు వాళ్ళ కోడలు చెప్పింది. మేము దిగిన కొత్తలో ఆ వీధిలో ఆడవాళ్ళు ఆవిణ్ణి పూజలకి పిలవడం మానేశారట. దాదాపు ఏడాది. ఆవిడ ఒక్కసారి కూడా మాకు తెలియనివ్వలేదు. ప్రతి పండక్కీ మా వాటాలోనే కూర్చుని మాతో తినేది. నా వంట ఇష్టమని అనుకునేదాన్ని.

షెంగ్‌కి రమ్మని ఓటేసిన 28 మంది గురించి చదివినప్పుడు ఆవిడే కళ్ళ ముందుకొచ్చింది. కానీ తేడా ఉంది. కాగితం మీద సరే అని రాయడం ఒక రకం, ఏడాది పాటు పూజలకి పిలుపు లేకుండా ఉండటం ఒక రకం. 1957 ఆగస్టులో పెన్సిల్వేనియాలో లెవిట్‌టౌన్ అనే కొత్త కాలనీలోకి మయర్స్ అనే నల్లజాతి కుటుంబం దిగింది. భార్య, భర్త, ముగ్గురు పిల్లలు. రోజూ రాత్రిళ్ళు వందల మంది ఇంటి ముందు మూగి అరిచేవాళ్ళు, రాళ్ళు వేసేవాళ్ళు. రాష్ట్ర పోలీసులు కాపలా ఉండాల్సి వచ్చింది. వాళ్ళ పక్కింట్లో వెక్స్‌లర్ అనే యూదు దంపతులు ఉండేవాళ్ళు. వాళ్ళు మాత్రం తలుపులు వేసుకోలేదు, మయర్స్ వాళ్ళ తరఫున నిలబడ్డారు. దానికి వాళ్ళ గోడ మీద కూడా కు క్లక్స్ క్లాన్ (నల్లవాళ్ళని హింసించే తెల్లవాళ్ళ ముఠా) గుర్తుగా కె.కె.కె. అని రాశారు. మయర్స్ కుటుంబం అక్కడే ఉంది, నాలుగేళ్ళు.

నేను మాత్రం ఒకసారి తలుపు వేసుకున్నాను. అది కూడా రాయాలి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని అందరి ఫోన్లలో వీడియోలు, వాయిస్ మెసేజ్‌లు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడలో ఐదుగురు సంచార జాతి మనుషుల్ని ఆ అనుమానంతోనే కొట్టి చంపేశారు. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మా వీధిలోకి గోనెసంచి భుజాన వేసుకుని ఒక మనిషి వచ్చాడు. ఏమడిగినా చెప్పలేకపోతున్నాడు. కరెంటు స్తంభానికి కట్టేశారు. నేను మేడ మీంచి చూశాను. అతను నా వైపు చూశాడు. నేను లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. పోలీసులు వచ్చి విడిపించారు కాబట్టి బతికాడు. మతిస్థిమితం లేక ఇల్లు వదిలి వచ్చేసిన మనిషి. సంచిలో ఖాళీ ప్లాస్టిక్ సీసాలున్నాయి, అంతే. కట్టినవాళ్ళంతా నాకు తెలిసిన పిల్లలే, నా దగ్గర ట్యూషన్ చదువుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. "ఒరే, విప్పండిరా" అని నేను ఒక్క మాట అంటే వినేవాళ్ళే. అనలేదు. ఆ చూపు నన్ను వదల్లేదు.

నిజానికి బయటివాళ్ళని ఉండనివ్వడం మా జిల్లాకి కొత్తేమీ కాదు. 1963 నుంచి చంద్రగిరిలో టిబెట్ శరణార్థులు ఉంటున్నారు. జీరంగలో వాళ్ళ పెద్ద మందిరం చూడ్డానికి మేమంతా బస్సు కట్టించుకుని వెళ్తాం. వాళ్ళ గురించి ఎవరూ ఏమీ అనరు, ఫోటోలు తీసుకుంటారు. ఇక సవరలు బయటివాళ్ళు ఎలా అవుతారు? ఈ కొండలు వాళ్ళవి. మనకంటే ముందు నుంచీ ఉన్నవాళ్ళు.

అదే బాబాయితో అన్నాను. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేసేది మా వీధిలో ఆయనే. "గిడుగు వారు సవర భాష నేర్చుకోడానికి సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నారు కదా బాబాయ్. మన ఊళ్ళోనే. కొండల్లో తిరిగి జ్వరాలొచ్చి, క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారు. సొంత డబ్బుతో వాళ్ళకి బడులు పెట్టారు. ఆయనే 1936లో ఊరు ఒడిశాలో కలుస్తుంటే ఉండలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. మనమంతా ఎక్కడో అక్కడ బయటివాళ్ళమే కదా" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఖాళీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నారు.

"ఆరి కాలం వేరమ్మా" అని, లేస్తూ, "పోనీ, వీధిలో నలుగుర్నీ అడిగి సూద్దునా? అందరూ సరేనంటే నీకూ బాగుంటాది" అన్నారు.

"వద్దు బాబాయ్, అడక్కండి" అన్నాను. నా గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. ఆయన నొచ్చుకున్నారని తెలుసు. కానీ షెంగ్ చేసింది అదే. చట్టం తన వైపు ఉన్నా, మంచితనం మీద నమ్మకంతో నలుగుర్నీ అడిగాడు. ఒక మనిషి ఎక్కడ ఉండాలన్నది చేతులెత్తించి తేల్చే విషయం ఎలా అవుతుంది? ఆ 216 మందిని అసలు అడగకుండా, ఒకరోజు పొద్దున్నే సామాను దించేసుకుని ఉంటే, నెలా రెండు నెలలకి వాళ్ళలో సగం మంది ఆయన భార్య దగ్గర చిన్నదేదో అప్పు అడగడానికి వచ్చేవాళ్ళేమో. మయర్స్ వాళ్ళ ఇంటి ముందు జరిగింది చదివాక అలా గట్టిగా అనడానికి కూడా నాకు ధైర్యం చాలదు. అయినా అడక్కూడదనే అంటాను.

బాబాయి వెళ్ళిపోయారు. నిన్న పొద్దున్న పూలు కోస్తూ నా వైపు చూడలేదు. ఇవాళ చూశారు, పలకరించలేదు.

ఆ అమ్మాయి తిప్పి చూసినప్పుడు వంటగది కుళాయి చుక్క చుక్క కారుతోంది. ప్లంబర్‌ని పిలిచి వాషర్ మార్పించాను. టూలెట్ బోర్డు విప్పి స్టోర్ రూంలో పెట్టాను. సామాను రేపు పొద్దున్న ఏడు గంటలకి ఆటోలో వస్తుందట. ఆ వేళకి వీధంతా బయటే ఉంటుంది, కుళాయి నీళ్ళు వచ్చే టైం. నేను గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను.